ప్రవేశం ఉచితం

ఆ బోర్డు రాసింది నేనే.
కందుకూరు పి.జి. సెంటర్లో అటెండరుగా చేరిన మూడో నెల.
ఎర్ర పెయింటు చాలక
ఉచితంలో చివరి సున్నా సగమే పడింది.
ముప్పై ఏళ్లు అట్లాగే తగిలించాం.

మొదటి కచేరీ కెమిస్ట్రీ గ్యాలరీలో.
గంధకం వాసన పోవాలని
మధ్యాహ్నం నుంచే కిటికీలు తెరిచిపెట్టా.
కరేడు నుంచి ఖాసిం పీరా వచ్చాడు,
నాదస్వరాన్ని బాలింత బిడ్డలా తువ్వాల్లో చుట్టుకుని.
డోలు తమ్ముడి వీపు మీద.

డబ్బు నల్లపనేని అంకయ్యది.
ఎనిమిది పొగాకు బ్యారన్ల ఆసామి.
"పాటంటే ఏందో నాకు తెలవదబ్బాయ్.
ఆకు పండేదాకా రాత్రంతా మేలుకునేవాడికి
చెవికి కూడా ఏదో ఒక పని ఉండాలి గదా" అన్నాడు.
అని, వెనక బెంచీలో కూర్చుని
తోడి సగం కాకముందే గుర్రుపెట్టాడు.
ప్రిన్సిపాలు లేపబోతే
ఊదుతూనే పీరా
కళ్లతో వద్దన్నాడు.

రసీదు పుస్తకం నా దగ్గరుండేది.
టంగుటూరు ఎరువుల కొట్టు, యాభై.
పేరు వద్దన్న లెక్కల మాస్టారు, పది.
గ్రేడింగ్ షెడ్డు ఆడవాళ్లు ముప్పై ఏడు మంది
తలా ఒక రూపాయి, అంతా చిల్లర,
మేస్త్రీ పెంచలమ్మ కొంగుమూటలో తెచ్చి
బల్ల మీద బోర్లించింది.
"కలిపి ఒకటే రాస్తానమ్మా" అంటే
"కలిపి ఇచ్చామా?" అంది.
ముప్పై ఏడు రసీదులు రాశా.
వేలు వాచింది.

వాళ్లు షెడ్డు నుంచి నేరుగా వచ్చేవాళ్లు,
జుట్టులో పొగాకు నలుసులు దులపకుండానే.
నాలుగో వరసంతా తుమ్ములు.
ఫిడేలాయన మొదట విసుక్కున్నాడు.
కల్యాణి నడుమ ఒక పెద్ద తుమ్ముకి
కమాను ఆపి, కాసేపు చూసి,
తుమ్ము ఆగినచోటే అందుకున్నాడు.
ఆ రోజు చప్పట్లు
నాలుగో వరస నుంచే లేచాయి.

డెబ్బై తొమ్మిది మే గాలివాన
బ్యారన్ల కప్పులు ఎత్తుకుపోయింది,
మా గ్యాలరీ రేకులు కూడా.
అంకయ్య సైకిలు మీద వచ్చి
గేటు దగ్గరే నిలబడి చెప్పాడు:
"ఈ ఏడు నన్ను అడగబాకండి."
అడగలేదు.
ఆ ఏటి రసీదుల్లో అంకెలు లేవు.
కిరసనాయిలు ఒక డబ్బా.
జంపఖానా ఒకటి, తిరిగి ఇవ్వవలెను.
ఉలవపాడు మామిడిపళ్లు గంపెడు, రాలినవి.

కప్పులేని గ్యాలరీలో
నక్షత్రాల కింద ముఖారి ఊదాడు పీరా.
పళ్లు ముందే పంచడం నా తప్పు.
టెంకలు ఎక్కడ వెయ్యాలో తెలియక
జనం చేతుల్లో పట్టుకుని విన్నారు,
చివరికి చప్పట్లు కొట్టలేకపోయారు.
ఆయన ఆ మౌనాన్ని
ఎట్లా అర్థం చేసుకున్నాడో,
ఇంకో గంట ఊదాడు.

తర్వాతెప్పుడో ఆడిట్ ఆయన అడిగాడు.
ఖర్చు కనపడుతోంది, ఫలితం కాలమ్ ఖాళీ, ఏం రాస్తావ్?
చాలాసేపు ఆలోచించి
ఖాళీగానే తిరిగిచ్చా.
ఎర్ర సిరాతో దాని చుట్టూ
ఇంత సున్నా చుట్టాడు.
పూర్తిగా, గుండ్రంగా.
నా బోర్డుకి తక్కువైంది అదే.

ఎవరూ పొగాకు వెయ్యని ఏడు
కచేరీ కూడా లేదు.
ఇప్పుడు మళ్లీ జరుగుతున్నాయిలే.
ఏసీ ఆడిటోరియం, గ్రానైట్ మెట్లు,
ఫ్లెక్సీలో దాత ముఖం
పాడేవాడి ముఖానికి నాలుగింతలు.
నేనూ వెళ్తా. వెనకే కూర్చుంటా.
నాకిప్పుడు కుడి చెవే పనిచేస్తుంది.

రిటైరైననాడు పాత పుస్తకం ఇంటికి తెచ్చుకున్నా.
నేరమే అనుకోండి.
డెబ్బై తొమ్మిది పేజీలో ఒక బాకీ ఉండిపోయింది.
ఏ పద్దు కింద రాయాలో తెలియక
అప్పుడు రాయలేదు.
ఇప్పుడు రాస్తున్నా:

కరేడు నుంచి కందుకూరు, రానూపోనూ,
బస్సు చార్జీ ఇద్దరికి, డోలుకి అర టిక్కెట్టు.
దాత, ఖాసిం పీరా.
రసీదు ఇవ్వలేదు.